హత్య లేని అపరాధ పరిశోధన
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నా ముందు మాట్లాడిన పెద్దలు సవివరంగా చెప్పారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు, "ఈమధ్య మీరు చదివిన పుస్తకం గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను ఇప్పుడు చదవడం తగ్గించి, వినడం మొదలుపెట్టాను. కంటిశుక్లాల ఆపరేషను తరువాత సన్న అక్షరాలు అరగంటకు మించి చూడలేకపోతున్నాను. అందుకని మా మనవరాలు ఒక ఇంగ్లీషు డిటెక్టివ్ నవలను నా ఫోనులో పెట్టి ఇచ్చింది. పుస్తకమంతా ఒకరు పైకి చదివి రికార్డు చేస్తారు. దాన్ని ఆడియో పుస్తకం అంటున్నారు.

ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. గుళ్లో పురాణం, పందిట్లో హరికథ, రేడియోలో నాటకం విని పెరిగినవాళ్లం. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవలలు ఒకడు చదువుతుంటే నలుగురం చుట్టూ చేరి విన్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

నేను విన్న నవల పేరు 'గాడీ నైట్'. రాసినావిడ డొరోతీ సేయర్స్. 1935లో వచ్చింది. కథ ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో, ష్రూస్‌బరీ అనే మహిళా కళాశాలలో జరుగుతుంది. ఆ కళాశాల రచయిత్రి కల్పన. కాని ఆక్స్‌ఫర్డ్ ఆవిడకు పుట్టిన ఊరు. అక్కడి సోమర్‌విల్ కళాశాలలో చదివి 1915లో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలయింది. అయితే పట్టా మాత్రం చేతికి రాలేదు. ఆడవాళ్లు పరీక్ష రాయవచ్చు, పాసు కావచ్చు, పట్టా మాత్రం ఇవ్వరు! అప్పటి నిబంధన అది. 1920లో నిబంధన మారాక, మొట్టమొదట పట్టా అందుకున్న మహిళల్లో సేయర్స్ ఒకరు. ఈ సంగతి తెలిస్తేనే నవలలోని భయం మనకు అర్థమవుతుంది.

'గాడీ' అంటే కళాశాలలో జరిగే పాత విద్యార్థుల విందు. మన వార్షికోత్సవం వంటిదే అనుకోండి. కథానాయిక హారియెట్ వేన్ డిటెక్టివ్ నవలలు రాసే మనిషి. ఒకప్పుడు చేయని హత్య నెత్తిన పడి, కోర్టు బోను ఎక్కి, నిర్దోషిగా బయటపడింది. పాతవాళ్ల ముందు ఏ ముఖంతో నిలబడాలా అని జంకుతూనే విందుకు వెళుతుంది. అక్కడ ఆమెకు సంతకం లేని దూషణ కాగితం ఒకటి దొరుకుతుంది. తరువాత కళాశాల అంతటా అటువంటి ఆకాశరామన్న ఉత్తరాలే. లిడ్‌గేట్ అనే అధ్యాపకురాలు ఏళ్ల తరబడి శ్రమించి రాసిన గ్రంథం ప్రూఫులు ఎవరో పాడుచేస్తారు. ఒక విద్యార్థిని ప్రాణం తీసుకునే దాకా వెళుతుంది. కాని పోలీసులను పిలవడానికి ఎవరికీ ధైర్యం చాలదు. ఈ రచ్చ పత్రికలకు ఎక్కితే, "ఆడవాళ్లకు కళాశాల పెడితే ఇలాగే ఉంటుంది" అంటారని భయం. మన ఆఫీసుల్లో మొదట చేరిన ఆడపిల్ల టైపులో ఒక తప్పు చేస్తే ఆ తప్పును ఆడజాతికంతటికీ అంటగట్టిన మహానుభావులను మనం చూడలేదా?

హారియెట్ చేసే మొదటి పని నాకు చాలా నచ్చింది. ఏ తేదీన ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, అప్పుడు ఎవరు ఎక్కడున్నారు అని వరుసగా రాసిపెడుతుంది. చివర్లో వచ్చే డిటెక్టివ్ లార్డ్ పీటర్ విమ్సీ ఆ కాగితాలు చదివి గుట్టు విప్పుతాడు. ఫైలు సక్రమంగా ఉంటే సగం పని అయినట్టేనని మనకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు కదా!

ఇంత పెద్ద డిటెక్టివ్ నవలలో ఒక్క హత్య కూడా లేదు. దోషి ఎవరో చెప్పి మీ సరదా పాడుచేయను. కాని కథకు మూలంలో ఉన్న సంగతి ఒకటి చెప్పక తప్పదు. ఒక చరిత్ర పండితుడు ఒక సిద్ధాంతం మీద గ్రంథం రాస్తుంటాడు. ఆ సిద్ధాంతం తప్పని తేల్చే పాత ఉత్తరం ఒకటి అతనికే దొరుకుతుంది. అప్పటికే చాలా రాసేశాడు. వదులుకోవడానికి మనసు ఒప్పలేదు. ఉత్తరాన్ని మాయం చేస్తాడు. డి వైన్ అనే విదుషికి ఆ ఉత్తరం సంగతి ముందే తెలుసు. ఆమె దాన్ని బయటపెడుతుంది. అతని పట్టా పోతుంది, ఉద్యోగం పోతుంది, చివరకు ప్రాణమే పోతుంది. భార్యాబిడ్డలు వీధిన పడతారు.

ఆమె చేసింది న్యాయమేనా? ఒక కాగితం కోసం ఒక సంసారాన్ని కూల్చవచ్చునా? ఆ విద్యావంతులంతా దీని మీదే వాదించుకుంటారు. వింటూ ఫోను ఆపేసి చాలాసేపు ఆలోచించాను. ఎందుకంటే కాగితం మాయం కావడం మనకు నవల్లో సంగతి కాదు.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఒక వితంతువు భూమి ఫైలులో రెండు పేజీలు లేకుండా పోయాయి. నోట్ ఫైలులో ప్రస్తావన ఉంది, కరెంటు ఫైలులో కాగితం లేదు. మా సూపరింటెండెంటుగారు రెండు రోజులు చూసి, ఉన్నది ఉన్నట్టు పైకి రాశారు. విచారణ జరిగింది, బాధ్యుడైన గుమాస్తా సస్పెండయ్యాడు. ముగ్గురు పిల్లల తండ్రి. "నీళ్లు నమిలి ఊరుకుంటే పోయేదానికి ఒక కుటుంబం ఉసురు పోసుకున్నాడు" అని సెక్షనులో సగంమంది ఆయనతో మాటలు మానేశారు. ఆయన ఎవరికీ సమాధానం చెప్పలేదు. కాని ఆ గుమాస్తాకు రావలసిన సబ్సిస్టెన్స్ అలవెన్సు కాగితాల వెంట తానే పడి, బిల్లు పాసయ్యేదాకా సీటు సీటుకూ తిరిగారు. అది వచ్చేలోగా ప్రతి నెలా జీతాల రోజున మా దగ్గర తలా కొంత వసూలు చేసి, తన వాటా కలిపి, ఆ ఇంటికి పంపారు. పంపింది ఎవరో ఆ ఇంట్లో తెలియనివ్వలేదు. ఆ వితంతువుకు పొలం దక్కింది.

నవలలో డి వైన్ ఉత్తరాన్ని బయటపెట్టినందుకు పశ్చాత్తాపపడదు. ఆ తరువాత ఆ మనిషి ఏమయ్యాడో, ఆ ఇల్లు ఏమయిందో కనుక్కోనందుకు మాత్రం తనను తాను తప్పుపట్టుకుంటుంది. ఆ భాగం వింటున్నప్పుడు నాకు మా సూపరింటెండెంటుగారే గుర్తుకొచ్చారు. ఆమెకు ఆలస్యంగా తట్టిన రెండో పనిని ఆయన మొదటి పనితో పాటే చేశారు. నిజం రాయడం ఒక విధి. రాసిన తరువాత దెబ్బ తగిలినవాళ్ల వైపు తిరిగి చూడడం ఇంకొక విధి. రెండోది ఏ కాన్‌డక్ట్ రూల్సులోనూ కనిపించదు.

వినదలచినవారికి ఒకటి రెండు సూచనలు. ఇంగ్లీషువారి ఉచ్చారణ మొదట్లో కొరుకుడు పడదు. ఫోనులో వేగం తగ్గించుకునే వీలుంది, తగ్గించుకోండి. రోజుకు గంట చాలు, రెండు మూడు వారాలు హాయిగా గడుస్తాయి. అచ్చు పుస్తకమైతే ఆత్రం పట్టలేక చివరి పేజీ తిప్పి దోషిని చూసేస్తాం. చెవికి మాత్రం వరుసలోనే అందుతుంది. విన్నవారు నాకు కబురు చేయండి. డి వైన్ చేసింది సబబా కాదా అని వచ్చే నెల సమావేశంలో వాదించుకుందాం. సబబు కాదనేవారు కూడా తప్పకుండా రావాలి.