మందులంగడి ముందు మన హక్కు



ధర్మవరం, పెనుకొండల నుంచి పొద్దున్నే రైలెక్కి మీరంతా హిందూపురం వచ్చారు. ఆరోగ్యం మన హక్కు అన్నప్పుడల్లా ఆస్పత్రుల గురించే మాట్లాడుకుంటాం. కాని ఒంట్లో బాగాలేకపోతే మనలో చాలామంది మొదట పోయేది ఆస్పత్రికి కాదు, వీధి చివరి మందులంగడికి. అక్కడ డాక్టరు ఫీజు లేదు, ఆ పూట కూలి పోదు. అందుకే ఈ రోజు ఆ అంగడి సంగతి ఎత్తుకున్నాను.

ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని పొద్దస్తమానం కూర్చునే మనిషికి నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి కొత్త కాదు. చీర నేసి ఇచ్చేదాకా చేతికి డబ్బు రాదు. కాబట్టి పది మాత్రల రేకు కొనలేక, రెండు కత్తిరించి ఇమ్మంటాం. ఆ ముక్క మీద మందు పేరు సగమే ఉంటుంది, గడువు తేదీ అవతలి ముక్కతో అంగడిలోనే ఉండిపోతుంది. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్ర నెలల తరబడి వేసుకుంటూ పోతే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఈ మాట మనకు చెప్పవలసింది ఎవరు?

1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టరు చీటీ చూసి మందు ఇవ్వవలసింది రిజిస్టరయిన ఫార్మసిస్టు. మందు ఏ పూట ఎట్లా వేసుకోవాలో, ఏ ఇబ్బంది రావచ్చో రోగికి విడమరచి చెప్పడం కూడా అతని పనేనని 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు చెబుతున్నాయి. మరి ఆ ఫార్మసిస్టు ఎక్కడ? చాలాచోట్ల గోడమీద అద్దాల చట్రంలో ఉంటాడు! సర్టిఫికెట్‌కు నెలనెలా అద్దె కట్టి, మందులు మాత్రం పని నేర్చుకుంటున్న కుర్రాడితో ఇప్పించడం దేశమంతటా ఉన్న అలవాటే.

ఇందులో ఆడవాళ్ల సంగతి ఒకటుంది. ఫార్మసీ చదివిన అమ్మాయి పెళ్లయ్యాక ఇంట్లో ఉండిపోతే, ఆమె సర్టిఫికెట్ మాత్రం ఉద్యోగానికి పోతుంది. ఆ అద్దె ఎవరి జేబులోకి చేరుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. తప్పు జరిగితే రిజిస్ట్రేషన్ పోగొట్టుకునేది మాత్రం ఆమె. చదువుకున్న పని చేయనివ్వకుండా చదువును అద్దెకిచ్చే పద్ధతి ఇది.

అంగడివాళ్లంతా దుర్మార్గులని నేను అనను. అరువు పద్దులు వసూలు కావు, గడువు దాటిన సరుకు మిగిలిపోతుంది, పక్కనే పెద్ద కంపెనీ అంగడి తగ్గింపు బోర్డు పెడుతుంది. ఇంత చిన్న వ్యాపారంలో ఒక ఫార్మసిస్టుకు నిండు జీతం ఇవ్వడం కష్టమే. ఆ కష్టం నేను కాదనను. కాని ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడల్లా మొదట కోత పడేది మన ప్రాణానికి కాపలా ఉండవలసిన మనిషి జీతానికేనా?

ఇంకొక సంగతి. దీన్ని నలుగురిలో మాట్లాడటానికి మనం సిగ్గుపడతాం. గర్భం రాకుండా 72 గంటల లోపల వేసుకునే అత్యవసర మాత్రను డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి 2005లోనే ప్రభుత్వం అనుమతించింది. అయినా ఫ్యాక్టరీలో పనిచేసే పెళ్లికాని పిల్ల అడిగితే నలుగురూ వినేలా "ఎవరికి?" అంటారు, లేదంటే లేదని పంపేస్తారు. అంగడిలో ఉన్న మందును కొనవచ్చిన మనిషికి అమ్మనని అనే హక్కు వాళ్లకు లేదని 2013 మందుల ధరల నియంత్రణ ఉత్తర్వులో ఉంది. గర్భం పోవడానికి వాడే మాత్రలు వేరు. అవి డాక్టరు పర్యవేక్షణలో, తొమ్మిది వారాల లోపల మాత్రమే వాడవలసినవి. ఈ రెండింటినీ ఒకటే అనుకొని గుట్టుగా తెచ్చుకొని, రక్తం ఆగకుండా పోతున్నా ఇంట్లో చెప్పుకోలేక కుమిలిపోయే ఆడవాళ్లున్నారు. ఒక నిమిషం పక్కకు పిలిచి, తేడా చెప్పే ఫార్మసిస్టు ఉంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. ఆ ఫార్మసిస్టు ఆడమనిషైతే అడగడానికి మనకూ నోరు వస్తుంది.

అదే 2013 ఉత్తర్వు ప్రకారం విడిగా రెండు మాత్రలు కొన్నా, రేకు ధరలో ఆ రెండింటి వంతు కన్నా ఎక్కువ తీసుకోకూడదు. బిల్లు అడగండి. రేకు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది చీటీ లేనిదే ఇవ్వకూడని మందని గుర్తుపెట్టుకోండి. ఇవ్వనన్న అంగడాయనతో ఆ విషయంలో పోట్లాడకండి, ఆయన చేసింది సరైన పని. మాట వినకుండా మోసం చేసేవాళ్ల మీద డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ఒక్కరే పోవద్దు, అయిదారుగురు కలిసి పోండి.

వచ్చే సమావేశానికి మీ ఇళ్లలో డబ్బాల్లో, దిండ్ల కింద, దేవుడి గూట్లో దాచిన మందు ముక్కలన్నీ ఒక సంచిలో వేసుకొని రండి. ఎన్నింటి మీద పేరుందో, ఎన్నింటి మీద తేదీ ఉందో అందరం కలిసి లెక్కపెడదాం. ఆ లెక్క పట్టుకొని మూడు ఊళ్ల అంగళ్లకూ పోదాం.