రికార్డు బిడ్డది, బాధ్యత మనది

(తల్లిదండ్రుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి తండ్రి కొంతకాలం క్రితం మా వద్దకు వచ్చారు. కూతురు మూడు రోజులు తరగతులకు రాలేదని కళాశాల నుండి ఆయన ఫోనుకు సందేశం అందింది. ఆయన కూతురిని ఒక్క మాటైనా అడగకుండా చదువు మాన్పించారు. ఆ మూడు రోజులూ ఆమె ప్రయోగశాలలోనే ఉందనీ, హాజరు పట్టీలో ఒకరికి బదులు మరొకరి పేరు నమోదయిందనీ తేలేసరికి పరీక్ష రుసుము గడువు దాటిపోయింది. ఆ తండ్రి చెడ్డవారు కారు. బిడ్డ క్షేమం కోరినవారే. కానీ ఆ రికార్డు ఎవరిని గురించినదో, ఆమెకే అది అందరికంటే చివర తెలిసింది. ఈనాటి మన చర్చ దీని గురించే.

మన దేశంలో 18 ఏళ్లు నిండినవారు మేజర్లు. 1875 నాటి మెజారిటీ చట్టం నుండి ఇది అమలులో ఉంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని బాలలుగా పరిగణించి, వారి సమాచారాన్ని వాడడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలన్నది. ఆ వయసు దాటాక సమ్మతి ఇవ్వవలసినది విద్యార్థే. తప్పును సరిదిద్దించుకునే హక్కును కూడా ఆ చట్టం గుర్తించింది. అంతకుముందే 2011లో, పరీక్ష రాసిన వ్యక్తి తన జవాబు పత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద చూడవచ్చని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

అయితే కళాశాల రికార్డులకే ప్రత్యేకించిన చట్టం మనకు లేదు. అమెరికాలో 1974 నుండి ఉంది. దానిని ఫెర్పా అంటారు. మన హైదరాబాద్ కుటుంబాల పిల్లలెందరో అక్కడ చదువుతున్నారు కనుక ఇది మనకు తెలిసి ఉండాలి. పాఠశాల దశలో రికార్డులపై హక్కు తల్లిదండ్రులదే. 18 ఏళ్లు నిండినా, లేక కళాశాలలో చేరినా, ఆ హక్కు విద్యార్థికి బదిలీ అవుతుంది. రికార్డు చూపమని విద్యార్థి కోరితే 45 రోజులలోగా చూపాలి. ప్రాణాపాయం వంటి అత్యవసర స్థితిలో తల్లిదండ్రులకు చెప్పవచ్చు. అమెరికా పన్ను పత్రాలలో బిడ్డను తమపై ఆధారపడినవారిగా చూపిన తల్లిదండ్రులకు కూడా చెప్పవచ్చు. కానీ చెప్పి తీరాలనే నిర్బంధం కళాశాలకు లేదు. ఇక్కడి నుండి మనం ఫోను చేసి మార్కులు అడిగితే విశ్వవిద్యాలయం చెప్పకపోవడానికి కారణం ఇదే. అది మనకు జరిగిన అవమానం కాదు.

“ఫీజు కడుతున్నది మేమే కదా!” అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అప్పు చేసి, నగలు తాకట్టు పెట్టి చదివిస్తున్న తల్లిదండ్రులకు చదువు ఎలా సాగుతున్నదో తెలుసుకోవాలని ఉండడం సహజం. ఆ ప్రశ్న ముందుగా బిడ్డనే అడుగుదాం. బిడ్డను అడగకుండా గుమాస్తాను అడగడం వలన మనకు సమాచారం దొరకవచ్చు గాని, బిడ్డ నమ్మకం పోతుంది.

మరొక మాట నిజాయితీగా చెప్పుకుందాం. హోమియోపతి వైద్య విద్యార్థిని హాదియాను కేరళ హైకోర్టు తండ్రి సంరక్షణకు అప్పగించినప్పుడు మనం బాధపడ్డాం. 2017 నవంబరు 27న సుప్రీంకోర్టు ఆమెను తిరిగి సేలంలోని కళాశాలకు పంపినప్పుడు, 2018 మార్చి 8న ఆమె వివాహాన్ని పునరుద్ధరించినప్పుడు సంతోషించాం. మేజరైన స్త్రీ నిర్ణయం ఆమెదే అన్నాం. ఆ న్యాయం ఇతరుల గడప వద్దనే ఆగిపోతుందా? మన ఇంటి ఆడపిల్లకు వర్తించదా? ప్రభుత్వం మన ఇళ్లలోకి తొంగిచూడరాదని కోరే మనం, మన బిడ్డలపై ఇతరుల ద్వారా నిఘా పెట్టడం తగునా? ఒకరి గుట్టును కూపీ లాగవద్దని సూరహ్ హుజురాత్ మనల్ని వారిస్తున్నది. బిడ్డ రికార్డు కళాశాల చేతిలో ఉన్న అమానత్.

కనుక మేము కోరేది ఇది. కళాశాలలు మేజరైన ప్రతి విద్యార్థి నుండి, ఏ సమాచారం ఎవరికి ఇవ్వాలో రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. గైర్హాజరు సందేశం ఇంటికి పంపే ముందు విద్యార్థికి చూపి, తప్పుంటే దిద్దాలి. పేర్లతో సహా మార్కులను వాట్సాప్ గ్రూపులలో పెట్టడం మానాలి. ప్రాణాపాయం ఉంటే మాత్రం క్షణం ఆలస్యం చేయక తల్లిదండ్రులకు తెలపాలి.

విద్యార్థులారా, హక్కు మీదైనంత మాత్రాన దాపరికం ధర్మమైపోదు. ప్రతి సెమిస్టరు చివర అమ్మానాన్నల పక్కన కూర్చుని మీ ఫలితాలను మీరే చూపండి. తల్లిదండ్రులారా, తక్కువ మార్కులు వచ్చినా చదువు ఆపబోమని ముందే మాట ఇవ్వండి. ఆ మాట విన్న బిడ్డకు మీ వద్ద దాచవలసిన అవసరం ఉండదు.

మా వద్దకు వచ్చిన ఆ తండ్రి మరుసటి ఏడాది కూతురిని స్వయంగా వెంటబెట్టుకుని వెళ్లి మళ్లీ చేర్పించారు. ఆమె పోగొట్టుకున్న సంవత్సరాన్ని మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. మరొక బిడ్డకు అలా జరగకుండా చూద్దాం.