ఎదిగే బిడ్డకు పెద్ద సైకిలు

బడినుంచి వచ్చిన పిల్లవాడు సైకిలును అరుగుకు ఆనించి, "నాన్నగారూ, మోకాళ్లు హ్యాండిలుకు తగులుతున్నాయి. పెద్ద సైకిలు కొనిపెట్టండి" అని అడిగే రోజు ప్రతి ఇంటా ఒకనాడు వస్తుంది. ఆ మాట విన్న తండ్రికి మొదట సంతోషం కలుగుతుంది. బిడ్డ ఎదిగినాడు గదా! తరువాత ఖర్చు గుర్తుకు వస్తుంది. ఆ సంతోషమూ ఈ ఖర్చూ కలిసి మన ఇళ్లలో తరతరాలుగా ఒకే నిర్ణయానికి దారితీస్తున్నవి: "ఎట్లాగూ ఎదిగే పిల్లవాడు. కొనేదేదో పెద్దదే కొందాము, పదేళ్లు పడివుంటుంది." చొక్కా విషయంలో ఈ మాట చెల్లుతుంది, చేతులు మడుచుకోవచ్చును. సైకిలు విషయంలో చెల్లదని మనవి చేయడమే ఈ ప్రసంగంలో నా ఉద్దేశం.

మన కోనసీమ గోదావరి పాయల నడుమ, సముద్రపు ఒడ్డున ఉన్న లంకగడ్డ. 1847 - 1852 సంవత్సరాల మధ్య కాటన్ దొర ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టించిన తరువాత ఈ గడ్డమీద కాలువలు అల్లుకొన్నవి. కొత్తపేట వైపు పోయినా, అమలాపురం వైపు పోయినా, రాజోలు వైపు పోయినా బాట ప్రక్కన కాలువో, పంట బోదెయో మనతో నడుస్తూనే ఉంటుంది. నేల చదును గనుక సైకిలుకు ఇంతకంటె అనువైన సీమ లేదు. కాని గట్టు సన్నన. ఒక ప్రక్క నీరు, మరియొక ప్రక్క పల్లపు చేను. అటువంటి గట్టుమీద ఎదురుబండి వచ్చినప్పుడు బ్రేకు ఒక్కటే చాలదు. కాలికి నేల అందవలెను.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి తెలుసుకొన్నది కాదు. నా చిన్నతనాన మా ఊళ్లో కనబడినవన్నీ పెద్దవారి సైకిళ్లే. నా పదవ ఏట మా నాన్నగారు తమ పెద్ద సైకిలును, "ఎదిగి సరిపోతాడులే" అని నాకు అప్పగించినారు. అడ్డ కడ్డీ మీదుగా కాలు వేయలేక, కడ్డీ క్రిందుగా కాలు దూర్చి, ఒళ్లంతా ఒక ప్రక్కకు వంచి తొక్కేవాడిని. ఒకనాటి సాయంకాలం కాలువగట్టుమీద ఎదురుగా గడ్డిబండి వచ్చింది. ఆగినాను, కాని కాలు చాచితే నేల అందలేదు. సైకిలుతో సహా కాలువలో పడినాను. గట్టున కొబ్బరికాయలు ఒలుస్తున్న ఒకాయన దూకి, నా జుట్టు పట్టి పైకి లాగినాడు. ఇంటికి వచ్చిన తరువాత మా అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. నాన్నగారి వైపు తిరిగి, "ఏమండీ, వాడి కాళ్లెంత ఉన్నాయో ఒక్కసారైనా చూశారా?" అని మాత్రం అడిగింది. సైకిలు కొనబోయే ప్రతి తల్లీ తండ్రీ ముందుగా వేసుకోవలసిన ప్రశ్న అదే.

కాళ్లు ఎంత ఉన్నవో చూడడం కష్టమేమీ కాదు. పిల్లవాడిని చెప్పులు లేకుండ గోడకు వీపు ఆనించి నిలువబెట్టండి. రెండు కాళ్ల నడుమ ఒక అట్టపుస్తకాన్ని పైకి, తగిలేవరకు జరపండి. నేలనుంచి పుస్తకపు పై అంచుదాక టేపుతో కొలవండి. ఇది లోపలి కాలి కొలత. వయస్సు కంటె, ఎత్తు కంటె ఈ కొలతే ముఖ్యం. ఒకే ఈడు పిల్లలలో కూడ ఇది రెండు మూడు అంగుళాలు తేడా ఉండవచ్చును.

పిల్లల సైకిళ్లను చక్రం కొలతనుబట్టి 16, 20, 24, 26 అంగుళాలని పిలుస్తారు. లోపలి కాలు సుమారు 22 అంగుళాలు దాటితే సాధారణంగా 20 అంగుళాల చక్రం, సుమారు 25 దాటితే 24 అంగుళాల చక్రం సరిపడుతుంది. అయినను ఒక్కొక్క కంపెనీ చట్రం ఒక్కొక్క తీరున ఉంటుంది గనుక ఈ అంకెలు దుకాణం గుమ్మందాక దారి చూపేవి మాత్రమే. లోపలికి పోయిన తరువాత బిడ్డను ఎక్కించి చూడవలసినదే.

అక్కడ నాలుగు విషయాలు పరీక్షించండి. సీటును పూర్తిగా దించి కూర్చోబెట్టినప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనవలెను. బాగా అలవాటుపడిన పిల్లలకైతే మునివేళ్లు గట్టిగా ఆనినా చాలును. సీటుకు ముందు నిలబడినప్పుడు అడ్డ కడ్డీకి, శరీరానికి నడుమ కనీసం ఒకటి రెండు అంగుళాల ఎడం ఉండవలెను. హ్యాండిలు పట్టు వదలకుండ వ్రేళ్లు బ్రేకు మీటను అందుకొని గట్టిగా నొక్కగలగవలెను. చివరగా, బిడ్డ ఆ సైకిలును తానొక్కడే స్టాండు తీసి, త్రిప్పి, నడిపించుకొని పోగలడేమో చూడండి. పాతకాలపు పెద్ద సైకిలు బరువు ఇంచుమించు 20 కిలోలు. ఎనిమిదేళ్ల బిడ్డ బరువు ఇంచుమించు 25 కిలోలు. తనంత బరువైన దానిని చేతులతోనే ఆపుకోలేనివాడు గట్టుమీద ఎట్లు ఆపుకోగలడు?

దుకాణదారు ఊరుకోడు. "పెరిగే పిల్లోడండి! ఆర్నెల్లు ఓపిక పట్టారంటే సరిపోద్దండి, ఆయ్!" అని చనువుగా నచ్చచెబుతాడు. ఆయన మాటలో దురుద్దేశం లేదు. కొనేవారు అడిగేదే ఆయన చెప్పేది. కాని కాలికి నేల అందని ఆ ఆరునెలలూ సైకిలు తొక్కవలసినది మన బిడ్డ.

మరి పొదుపు మాట ఏమిటంటారా? దానికీ లెక్క ఉన్నది. ఆరేళ్లకు, పదేళ్లకు నడుమ పిల్లలు ఏడాదికి సుమారు రెండు, రెండున్నర అంగుళాలు ఎదుగుతారు. ఆ ఎదుగుదలలో సగమో, అంతకు కొంచెం ఎక్కువో కాళ్లది. అనగా ఏడాదికి ఒకటింపావు అంగుళమనుకొనవచ్చును. సీటు నాలుగు అంగుళాలు పైకి లేచే సైకిలైతే, నేడు పాదాలు ఆనేటట్లు కొన్నను ఇంచుమించు మూడేళ్లు వస్తుంది. కాబట్టి కొనేటప్పుడు సీటు ఎంత దిగుతుందో చూడడంతోపాటు, ఎంత లేస్తుందో కూడ చూడండి. సీటు క్రింది గొట్టంమీద ఒక గీత ఉంటుంది. ఆ గీత బయటకు కనబడేటంత పైకి ఎన్నడూ లాగరాదు. సీటును ఆ గీతదాక లేపినను, తొక్కుడు అడుగుకు దిగినప్పుడు మోకాలు బాగా వంగే ఉన్నదంటే, అప్పుడు నిజంగా పెద్ద సైకిలుకు వేళయినట్లు.

చక్రం పెద్దదైనకొద్దీ తొక్కడం బరువవుతుందని కూడ మరువరాదు. ముందు పళ్లచక్రానికి 32, వెనుకదానికి 16 పళ్లున్న 20 అంగుళాల సైకిలు ఒక్క తొక్కుడు చుట్టుకు సుమారు 3.2 మీటర్లు పోతుంది. ముందు 44, వెనుక 18 పళ్లున్న 28 అంగుళాల సైకిలు సుమారు 5.5 మీటర్లు పోతుంది. చదునునేలమీద ఇది హాయి; బోడసకుర్రు వంతెనో, చించినాడ వంతెనో ఎక్కేటప్పుడు, సముద్రపు గాలి ఎదురు కొట్టేటప్పుడు చిన్న కాళ్లకు ఇదే శిక్ష.

ఇంకొక మాట. అడ్డ కడ్డీ క్రిందికి వంగివున్న లేడీస్ సైకిలు చిన్నపిల్లలకు ఎక్కడానికి, ముఖ్యంగా తొందరలో దిగడానికి ఎంతో క్షేమం. మగపిల్లలు నామోషీ పడతారు, పెద్దవారు పడనక్కరలేదు. ఆడపిల్లలకైతే సైకిలు ఆటవస్తువు కాదు, ఉన్నతపాఠశాలకు దారి. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్ల పథకం ప్రారంభించిన తరువాత అక్కడ హైస్కూలులో చేరే బాలికల సంఖ్య బాగా పెరిగినదని ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశీలించి చెప్పినారు. ఎదిగిన కుమార్తె సైకిలు చిన్నదైనప్పుడు, "ఇంక చాలులే" అనక, కుమారునికి కొన్నట్లే కొనండి.

ఈ రోజులలో కొందరు సైకిలు మెట్టునే దాటించి, పదమూడేళ్లకే మోటారు బండి చేతికిస్తున్నారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారు బండి నడపరాదు, 50 సి.సి.కి మించని మోటారు సైకిలుకు మాత్రం 16 ఏళ్లు. 2019 నాటి సవరణతో, మైనరు నేరానికి తల్లిదండ్రులకు లేక బండి యజమానికి మూడేళ్లదాక కారాగారం, 25,000 రూపాయల జరిమానా విధించే వీలు ఏర్పడినది. విదేశాలలో పిల్లలకోసం క్వాడ్ బైకు అనే నాలుగు చక్రాల మోటారు బండ్లను చిన్నవీ పెద్దవీ తయారుచేస్తారు. నాలుగు చక్రాలున్నవి గదా, పడదని భ్రమ కలుగుతుంది. అది బోర్లపడితే బండి బరువంతా బిడ్డమీదనే. అందుకనే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 16 ఏళ్లలోపువారు వాటిని నడపనేరాదని చెప్పుతున్నది. అక్కడ కూడ ప్రశ్న ఒక్కటే: బండి ఎంత పెద్దదని కాదు, దానిని అదుపు చేయడానికి బిడ్డ చాలునా అని.

చిన్నదైన సైకిలును మూలన పారవేయకండి. అంతర్వేది, ఓడలరేవు వంటి తీరపు ఊళ్ల ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పుపడుతుంది. చైనుకు నూనె వేసి, తుడిచి, తమ్ముడికో చెల్లెలికో, ప్రక్కయింటి బిడ్డకో ఇవ్వండి. ఇచ్చేముందు ఆ బిడ్డను కూడ గోడకు ఆనించి నిలువబెట్టి, కాళ్లెంత ఉన్నవో ఒక్కసారి చూడండి.