శాశ్వత కుర్చీలు

 

ఇంజనీరును మాట్లాడమంటే కొత్త గదుల ప్లాను గురించి చెబుతాడనుకుంటారు. నేను కుర్చీల గురించి చెబుతాను. మన సంఘం నియమావళి రాసుకుంటోంది. పెద్ద విరాళాలిచ్చిన ఐదుగురిని శాశ్వత సభ్యులుగా ఉంచాలని, వారిలో ఒక్కరు కాదన్నా తీర్మానం చెల్లకూడదని ఒక ప్రతిపాదన వచ్చింది. ఇచ్చినవారి మనసు మంచిదే. కానీ ఇలాంటి ఏర్పాటు 1945 నుంచి ప్రపంచంలో ఒకచోట నడుస్తోంది. దాని సంగతి కాస్త చూద్దాం.

ఐక్యరాజ్య సమితి చార్టర్ మీద ఆ ఏడాది జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో 50 దేశాలు సంతకాలు చేశాయి. అసలు మాటలు అంతకుముందే అయిపోయాయి. 1944లో డంబార్టన్ ఓక్స్‌లో పెద్ద దేశాలు ముసాయిదా రాసుకున్నాయి. 1945 ఫిబ్రవరిలో యాల్టాలో ఓటు పద్ధతి తేల్చుకున్నాయి. చిన్న దేశాలు వీటోను ప్రశ్నిస్తే, అమెరికా సెనేటర్ టామ్ కానలీ ముసాయిదా కాగితాలు అందరి ముందూ చించి చూపాడు. వీటో లేకపోతే చార్టరే లేదని దానర్థం.

మన బృందానికి నాయకుడు కర్నూలులో పుట్టి, అక్కడే బడి చదువు చదివిన ఆర్కాట్ రామస్వామి ముదలియార్. ఆ యుద్ధంలో మన దేశం నుంచి 25 లక్షల మంది సైన్యంలో చేరారు. 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు మన విశాఖ మీదే పడ్డాయి. అయినా మనం అప్పటికి పరాయి పాలనలో ఉన్నాం. శాశ్వత స్థానం దక్కలేదు.

చార్టర్ 23వ అధికరణంలో ఐదు పేర్లున్నాయి. ఏ అర్హతతో శాశ్వతమో లేదు. మార్చాలంటే మూడింట రెండు వంతుల దేశాలతోపాటు ఆ ఐదూ ఒప్పుకోవాలి. తాళంచెవి లోపల పెట్టి పెట్టెకు తాళం వేసినట్టుంది. 1965లో మండలిని 11 నుంచి 15కు పెంచినా, పెరిగినవి రెండేళ్ల కుర్చీలే.

అంతర్జాతీయ ద్రవ్యనిధిలో మరో పద్ధతి. అక్కడ డైరెక్టరును నియమించుకునే హక్కు మొదట ఐదు పెద్ద వాటాలవారిది. 1944లో మన వాటా 40 కోట్ల డాలర్లు, ఆరో స్థానం. సోవియట్ యూనియన్ చేరకపోవడంతో ఐదోవాళ్లమయ్యాం. తరవాత ఇతరుల వాటాలు పెరిగి ఆ చోటు పోయింది. అక్కడ కుర్చీ కదులుతుంది, కానీ డబ్బు వెంటే కదులుతుంది.

మనకు ఈ రెండూ వద్దని నా మనవి. దాతల పేర్లు బడి గోడ మీద శాశ్వతంగా చెక్కిద్దాం. కుర్చీలు మాత్రం మూడేళ్లకోసారి ఎన్నికతో నింపుదాం. నియమావళిని పదేళ్లకోసారి తిరగరాసే వీలు అందులోనే రాద్దాం. ఏ కట్టడానికైనా మరమ్మతుకు దారి ఉంచాలి.

వేటకోసం వెరావల్ దాకా వెళ్లే మన కళింగపట్నం కుర్రాడు యాభై రూపాయల చందా కట్టినా, వాడి ఓటు నా ఓటంతే ఉండాలి. ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్లం. రేపటి సర్వసభ్య సమావేశంలో చెయ్యెత్తేముందు దీన్ని ఆలోచించండి.