బాట పోయి పేరు నిలిచిన పేట



పాఠశాలలో పెక్కేండ్లు వ్యాకరణమును, భూగోళమును బోధించిన వాడనగుటచే, ఊరి పేరు చెవినిబడినంతనే దాని యర్థమును వెదకుట నాకలవాటైనది. శబ్దములలో యౌగికములు, రూఢములు అను భేదమును మీలో పెక్కురెఱుగుదురు. పాచకుడనగా వండువాడు, పేరే పనిని చెప్పుచున్నది. ఇది యౌగికము. గోశబ్దమునకు నడచునది యని వ్యుత్పత్తి చెప్పినను, నడచునవన్నియు గోవులు కావు. ఇది రూఢము. ఒక స్థలనామము కారణమును పోగొట్టుకొని రూఢమగుటకు ఎంతకాలము పట్టును? తరములు పట్టునని మనమనుకొందుము. పది పదునైదేండ్లు చాలునని ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరము చెప్పుచున్నది.

ఆ నగరమునకు నైరృతి దిశను ఓరన్ పార్కు అను పేట కలదు. మొదట నది యొక వ్యవసాయ క్షేత్రము పేరు. పందొమ్మిదవ శతాబ్దమున కట్టిన ఆ క్షేత్రపు భవనము నేటికిని నిలిచియున్నది. 1962లో ఆ ప్రాంతమున మోటారు పందెములకొక బాటను నిర్మించి, దానికిని ఆ పేరే పెట్టిరి. పిమ్మట బాటను పెంచగా సుమారు 2.6 కిలోమీటర్లయ్యెను. అది ఎనిమిది అంకెవలె మెలిదిరిగి, ఒకచోట వంతెనమీదుగా తన్ను తానే దాటెడిది. ఆస్ట్రేలియా గ్రాండ్ ప్రీ యను గొప్ప పందెము 1974లోను, 1977లోను అచ్చటనే జరిగెను. మొదటిదానిని మాక్స్ స్టూవర్టు, రెండవదానిని వార్విక్ బ్రౌన్ గెలిచిరి.

ఇంతలో నగరము పెరిగెను. ఇండ్లకు నేల కావలసివచ్చి, రాష్ట్ర ప్రభుత్వము ఆ దిక్కును వాసయోగ్య ప్రాంతముగ నిర్ణయించెను. 2008 డిసెంబరులో కడపటి పెద్ద పందెము జరిగెను. 2010 జనవరిలో ద్వారములు మూతబడెను. వంతెనయు, బాటయు తొలగి వీథులు, బడులు, అంగళ్లు వెలసెను. 2016లో కామ్డెన్ పురపాలక సంఘపు కార్యాలయము సైతము అచ్చటికి వచ్చి చేరెను. ఆ పేటలోని ముఖ్యమైన మార్గమునకు పీటర్ బ్రాక్ పేరు పెట్టిరి. బాథర్‌స్ట్ పందెమును 9 మారులు గెలిచి, 2006లో మరియొక పందెమున ప్రాణము విడిచిన సారథి యాతడు.

ఆ నగరముననే మఱి రెండు దృష్టాంతములు గలవు. వార్విక్ ఫార్మ్ అనుచోట గుఱ్ఱపు పందెముల మైదానమును చుట్టి 1960లో మోటారు బాటను వేసిరి. 1973లో అది మూతబడెను. గుఱ్ఱములు మాత్రము నిలిచినవి గనుక ఆ పేరునకు ఇంకను ఒక సాక్షి కలదు. అమరూ పార్కు అను మఱియొక బాట 1998లో పోగా అచ్చటను ఇండ్లు లేచినవి. ఆ ప్రాంతము పేరు అన్నన్‌గ్రోవ్ అగుటచే బాటతోపాటు పేరును మఱుగుపడుచున్నది. ఒకచోట సాక్షి మిగిలెను, ఒకచోట పేరు మిగిలెను, ఒకచోట రెండును జాఱిపోవుచున్నవి.

పందెపు బాటను చెఱిపి ఇండ్లు కట్టుట తప్పని నేననను. నిలువ నీడ కోరు సంసారికి వినోదస్థలముకంటె ఇల్లే మేలు. అయినను పీటర్ బ్రాక్ మార్గమున బడికి నడచు బాలుడు, ఈతడెవడని ఇంటిలో నడిగినప్పుడు చెప్పువారుండవలెను గదా! పేరు ప్రశ్నను మాత్రమే నిలుపును. ఉత్తరము పెద్దల నోటనే యుండును.

అందుచేత మీకొక విన్నపము. మన పల్లెలలో ప్రతి పొలమునకును, కుంటకును, దిబ్బకును ఒక పేరు కలదు. ఇప్పుడవి దస్తావేజులలో సర్వే సంఖ్యలుగ మాత్రమే కనబడుచున్నవి. పూడిపోయిన చెరువు అడుగున ఇండ్లు లేచినచోట, వానకాలమున నీరేల నిలుచుచున్నదో సంఖ్య చెప్పదు. పాత పేరు చెప్పును. ఒక పుస్తకము తీసికొని మీయూరి పేర్లను, వాని కారణములను, ఎవరివలన వింటిరో ఆ మాటను గూడ వ్రాయుడు. తెలియని చోట ఊహించి వ్రాయక, ఖాళీగ విడువుడు. మఱియొక వృద్ధుడు దానిని పూరింపవచ్చును. వ్రాసినదానిని బడిపిల్లలచేత ఒకమారు చదివింపుడు.