చేయి తిరిగినవాళ్లకు మళ్లీ పాఠాలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నా వృత్తి గురించి పది నిమిషాలు మాట్లాడమని కమిటీవారు అడిగారు. నేను ఇంజినీరుని. పది, పదిహేనేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నవాళ్లకు పెద్ద సంస్థల సాఫ్ట్‌వేర్ ఎలా కట్టాలో నేర్పడం కొన్నేళ్లుగా నా పని. బ్యాంకులు, బీమా, రిజర్వేషన్లు, పన్నుల లెక్కలు వగైరా అన్నమాట. “పదిహేనేళ్లు రాసినవాడికి నువ్వు కొత్తగా నేర్పేదేముంటుంది?” అని బంధువులు, స్నేహితులు అడుగుతుంటారు. ఈ రోజు ఆ ప్రశ్నకే జవాబు చెబుతాను.

నా ఖాతాలోంచి మీ ఖాతాకు వెయ్యి రూపాయలు పంపాలనుకోండి. నా దాంట్లో వెయ్యి తగ్గించాలి, మీ దాంట్లో వెయ్యి కలపాలి. రెండు వాక్యాల పని, ఇంటర్ కుర్రాడు కూడా రాసేస్తాడు. మొదటి వాక్యం పూర్తయి, రెండోది మొదలుకాకముందే కంప్యూటర్ ఆగిపోతే? నా డబ్బు పోయింది, మీకు అందలేదు. కాబట్టి జరిగితే రెండూ జరగాలి, లేదంటే ఏదీ జరగకూడదు. దీన్ని ట్రాన్సాక్షన్ అంటారు. ఈ రంగంలో చేసిన కృషికే జిమ్ గ్రేకి 1998లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

ఇప్పుడు ఆ రెండు ఖాతాలూ వేర్వేరు బ్యాంకుల్లో ఉన్నాయనుకుందాం. డబ్బు జమ చెయ్యమని అడిగాం, జవాబు రాలేదు. మన మాట వాళ్లకు చేరలేదా? లేక జమ చేశాక జవాబే దారిలో ఆగిపోయిందా? మళ్లీ అడిగితే రెండుసార్లు జమకావచ్చు, ఊరుకుంటే అసలే కాకపోవచ్చు. అందుకే ప్రతి చెల్లింపుకూ ఒక నంబరు ఇస్తాం. అదే నంబరు రెండోసారి వస్తే, “ఇది అయిపోయింది” అని చెప్పాలే గాని మళ్లీ జమ చెయ్యకూడదు. 2016లో యూపీఐ వచ్చాక మీరందరూ ఎప్పుడో ఒకసారి ఫోనులో ‘పెండింగ్’ అన్న మాట చూసి కంగారుపడే ఉంటారు. దాని వెనక ఉన్నది ఇలాంటి చిక్కే.

నా క్లాసుకు వచ్చేవాళ్లకు జావా రాక కాదు, కోబాల్ రాక కాదు. వాళ్లు ఇన్నేళ్లూ ఒక పెద్ద యంత్రంలో ఒక్క ముక్క మీదే పనిచేశారు. ఒకరు ఒక రిపోర్టు, ఇంకొకరు ఒక స్క్రీను. తమ ముక్క సరిగ్గా ఉంటే చాలనేది అలవాటైపోయింది. పెద్ద సాఫ్ట్‌వేర్ ఎక్కువగా చెడేది ముక్కల్లో కాదు, ముక్కకీ ముక్కకీ మధ్య.

అందుకే మొదటి వారం కొత్త పాఠమేదీ చెప్పను. ఎవరో రాసి వదిలేసిన నలభై వేల లైన్ల పాత ప్రోగ్రాము చేతికిచ్చి, ఒక్క పన్ను రేటు మార్చమంటాను. చాలామంది పది నిమిషాల్లో అంకె మార్చేసి చేతులు కట్టుకుంటారు. అప్పుడు అడుగుతాను: “జీఎస్టీ 2017 జులై 1న అమల్లోకి వచ్చింది. జూన్‌లో అమ్మిన సరుకు జులైలో తిరిగొస్తే బిల్లు ఏ రేటుతో సరిచేస్తారు?” క్లాసు నిశ్శబ్దమైపోతుంది. రేటు అంటే ఒక అంకె కాదు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది కూడా అందులో భాగమని అప్పుడు తెలుస్తుంది.

రెండో వారం ఒక సంఘం సభ్యుల జాబితా ఇస్తాను, మన పూర్వ విద్యార్థుల జాబితా లాంటిదే. మనకు ఇంటిపేరు ముందు, అమెరికా ఫారాల్లో వెనక. ఒకచోట పొడి అక్షరాలు, ఇంకోచోట పూర్తి పేరు. పెళ్లయ్యాక కొందరి ఇంటిపేరు మారింది. ఒకే మనిషి ముగ్గురిగా కనిపిస్తాడు, ఒకే పేరున్న ముగ్గురు ఒక్కరైపోతారు. ఈ సావనీరు కోసం చిరునామాలు సేకరించిన మిత్రులకు నేను వేరే చెప్పక్కర్లేదు.

మూడో వారం వాళ్లు కట్టినదాన్ని నడుస్తుండగానే ఆపేస్తాను. మధ్యలో ఒక కంప్యూటర్ స్విచ్ తీసేస్తాను. ఏది మిగిలింది, ఏది పోయింది, కస్టమర్‌కి ఏం చెబుతారు అన్నది ఒక కాగితం మీద, కంప్యూటర్ తెలియనివాళ్లకు అర్థమయ్యేలా రాయాలి. మార్కులు దానికే.

ఇక్కడ నైట్ క్యాపిటల్ సంగతి చెబుతాను. అది అప్పట్లో అమెరికాలో షేర్ల వ్యాపారం చేసిన సంస్థ. 2012 ఆగస్టు 1న కొత్త ప్రోగ్రాముతో పని మొదలుపెట్టింది. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్తది చేరింది, ఎనిమిదో దాంట్లో పాతదే ఉండిపోయింది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. అక్కడున్నది పసివాళ్లు కాదు. కానీ ఒకరు చేసిన పనిని ఇంకొకరు సరిచూసే పద్ధతి లేదు. నా క్లాసులో ఎంత సీనియరైనా తన పని పక్కవాడికి చూపించకుండా ముగించడానికి వీల్లేదు.

అన్నిటికన్నా కష్టమైన పాఠం ఇది కాదు. ఒక బ్యాచ్‌లో నలభై మూడేళ్లాయన వచ్చారు. పదహారేళ్ల సర్వీసు, ఇంటి అప్పు, ఇంటర్‌కొచ్చిన కూతురు. ఈ శిక్షణలో నెగ్గకపోతే ప్రాజెక్టులో ఉంచరని చెప్పి పంపారు. మొదటి పది రోజులు ఆయన నోరు విప్పలేదు. పక్కన పాతికేళ్ల పిల్లలున్నారు, వాళ్ల ముందు అడిగితే చిన్నతనం. ఒక సాయంత్రం నన్ను విడిగా పిలిచి, “సార్, నాకు మొదటి రోజు నుంచే అర్థం కాలేదు” అన్నారు. మర్నాడు ఆయన ఒప్పుకున్నాకే అదే ప్రశ్న క్లాసులో అందరినీ అడిగాను. పిల్లల్లో సగం మందికీ జవాబు తెలియదు! ఆ రోజు నుంచి క్లాసులో ఎక్కువ ప్రశ్నలు ఆయనవే. ప్రాజెక్టులో నిలబడ్డారు కూడా.

పెద్ద సాఫ్ట్‌వేర్ మొత్తం తెలిసిన మనిషి ఎక్కడా ఉండడు. కాబట్టి “నాకు తెలియదు” అనడం అక్కడ లోపం కాదు, పనిలో భాగం. అనుభవం ఉన్నవాళ్లకు శిక్షణంటే, ఆ మాట పరువు పోకుండా అనగలిగే చోటు కల్పించడమే. మిగతాదంతా పుస్తకాల్లో దొరుకుతుంది. ఈ మధ్య ప్రోగ్రాములు రాసిపెట్టే సాధనాలూ వచ్చాయి. అవి అంకె మార్చిపెడతాయి. “ఏ తేదీ నుంచి?” అని అడగాల్సిన బాధ్యత మనిషిదే.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. లెక్క తప్పు చేసినవాణ్ణి కొట్టకుండా, బోర్డు దగ్గరికి పిలిచి “ఎక్కడిదాకా సరిగ్గా వచ్చావో చూపించు” అనే మాస్టర్లు ఈ బడిలో ఉండేవారు. మేష్టారూ, మీ ముందు ఈ మాట చెప్పే అవకాశం రావడం నా అదృష్టం.

చివరగా ఒక మనవి. మన పూర్వ విద్యార్థుల్లో నలభై దాటి, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని ఇంట్లో కూడా చెప్పుకోలేక నలిగిపోతున్నవాళ్లు ఉన్నారు. కొందరు నాతో ఫోనులో మాట్లాడారు. సంఘం ఒప్పుకుంటే నెలకు రెండు ఆదివారాలు ఈ బడిలోనే ఒక గది ఇవ్వండి. పాత ప్రోగ్రాము నేను తెస్తాను. ఫీజు లేదు, పరీక్ష లేదు. దూరాన ఉన్నవాళ్లు ఫోనులో చేరవచ్చు. ముందు బెంచీ, వెనక బెంచీ తేడా కూడా లేదు. మన జాబితాలో ఒకే మనిషి ముగ్గురిగా ఎందుకున్నాడో తేల్చడంతో మొదలుపెడదాం.