వ్రేలిముద్రయు విద్యయు

(ఒక పట్టణ పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయమనగా పుస్తకములను దాచి తాళము వేయు గది కాదని ఆంధ్రులు దేశమునకు చాటి నూరు సంవత్సరములు దాటినది. 1914వ సంవత్సరమున బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రథమ మహాసభ జరిగెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దలు ఊరూర తిరిగి పఠనమందిరములను నెలకొల్పిరి. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో కృష్ణా కాలువపై పుస్తకముల పడవ నడచెను. చదువరి గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే చదువరి రేవునకు పోవలెనని వారి మతము. చదువురాని రైతు అరుగుమీద కూర్చుండగా ఒకరు పత్రిక చదివి వినిపించుట ఆనాటి పఠనమందిరముల నిత్యకృత్యము. ఆ పెద్దల వారసులమని చెప్పుకొను మనము నేడు ఏ చదువురానివారిని కూర్చుండబెట్టుకొని ఏమి చెప్పుచున్నామో విచారింపవలసియున్నది.

కొత్త నిరక్షరాస్యత యొకటి మన మధ్య పెరిగినది. పింఛను, రేషను, కరెంటు బిల్లు, గ్యాసు బండ, రైలు టిక్కెట్టు, భూమి పత్రము, బిడ్డ పరీక్షాఫలము – ఇవన్నియు నేడు చేతిలోని ఫోనులోనికి చేరినవి. పెద్ద బాలశిక్ష ఆసాంతము చదివిన వృద్ధుడు కూడ ఆ గాజుపలక ముందు ఓనమాలు రానివాడగుచున్నాడు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత 2019–21 సంవత్సరములలో జరిగినది. పదునైదు మొదలు నలువదితొమ్మిది యేండ్ల వయస్సువారిలో, ఒక్కసారియైనను ఇంటర్నెట్టు వాడితిమని చెప్పిన స్త్రీలు ఆంధ్రప్రదేశమున నూటికి 21 మంది. పురుషులు సుమారు 49 మంది. తెలంగాణమున స్త్రీలు నూటికి సుమారు 27 మంది, పురుషులు 57 మంది. ఆ తరువాత ఈ సంఖ్యలు పెరిగినవి. కాని ఇంట ఫోనుండుట వేరు, అది తన చేతిలో నుండుట వేరు, దానిచే తన పని తాను చేసికొనుట వేరు. ఏబదియేండ్లు దాటినవారు ఆ లెక్కలో చేరనేలేదు.

2021లో కరోనా టీకా వేయించుకొనుటకు పదునెనిమిది మొదలు నలువదినాలుగేండ్ల వారందరు ముందుగా ఇంటర్నెట్టున పేరు నమోదు చేసికొనవలెనను నియమము వచ్చినప్పుడు, ఫోను లేనివాని గతి యేమని సర్వోన్నత న్యాయస్థానము ప్రభుత్వము నడిగెను. ప్రాణరక్షణకు సయితము ఈ విద్య ద్వారమైనదని నాడు లోకమునకు తెలిసినది.

ఇందొక విచిత్రము కలదు. వ్రేలిముద్ర నిరక్షరాస్యతకు గుర్తనియు, దానిని విడిచి సంతకము నేర్చుటయే స్వాతంత్ర్యమునకు తొలిమెట్టనియు మన తాతలు బోధించిరి. నేడు ఆధారు యంత్రము వచ్చి పండితుని చేతను, పామరుని చేతను తిరిగి వ్రేలిముద్ర వేయించుచున్నది. యంత్రమును దూషించుట నా యుద్దేశము కాదు. బ్యాంకు లేని పల్లెలో వృద్ధురాలికి గడపలోనే సొమ్ము ముట్టుట మేలే. కాని ఆ ముద్రతో ఎంత సొమ్ము తీయబడినదో, ఎంత మిగిలినదో చదువుకొనలేని మనుష్యురాలి స్థితి యేమి? ముద్ర పడలేదు, మరల వేయుమనిన మరల వేయును. చీటీ అడుగవలెనని యెరుగదు. అడిగినను అందేమున్నదో తెలియదు. తెల్లకాగితముపై వేలు పెట్టించుకొన్న నాటి వడ్డీవ్యాపారికిని, నేటి మోసకానికిని పనిముట్టు ఒక్కటియే. అది ఎదుటివాని అజ్ఞానము.

దీనికి ప్రతిక్రియ యెట్లుండవలెనో పొరుగున నున్న కేరళము చూపినది. తిరువనంతపురము జిల్లాలో పుల్లంపార యను పంచాయతి కలదు. అచ్చటి ఉపాధిహామీ కూలీలు, తమ కూలి ఖాతాలో పడినదో లేదో తెలిసికొనుటకే పని మానుకొని బ్యాంకు ముందు వరుసలో నిలుచుచుండిరి. కూలి వచ్చినదా యని తెలిసికొనుటకు ఒకనాటి కూలి ఖర్చు! ఈ దుఃఖమును చూచినవారు 2021లో ఆ యూర నొక యుద్యమము నారంభించిరి. ఇల్లిల్లు తిరిగి ఎవరికి ఈ విద్య రాదో లెక్కగట్టిరి. విద్యార్థులు, కుటుంబశ్రీ సంఘముల స్త్రీలు గురువులైరి. కూలీలు పనిచేయు చోటికే పోయి, ఇండ్ల వసారాలలో కూర్చుండి, తీరికవేళల నేర్పిరి. 2022 సెప్టెంబరు నాటికి ఆ పంచాయతి పూర్ణ డిజిటల్ అక్షరాస్యత సాధించినట్లు ప్రకటింపబడెను. పిదప రాష్ట్రమంతట ఇట్టి సర్వే జరిగెను. పదునాలుగేండ్లు దాటినవారిలో ఈ విద్య రానివారు సుమారు 22 లక్షల మంది యని తేలెను. రెండున్నర లక్షలకు పైగా స్వచ్ఛంద సేవకులు పూనుకొనిరి. 2025 ఆగస్టు 21న కేరళము పూర్ణ డిజిటల్ అక్షరాస్యత సాధించిన రాష్ట్రముగా ప్రకటించుకొనెను. నూరేండ్లు దాటిన వృద్ధులు సయితము ఆ శిష్యులలో నుండిరి. కనుక ముసలితనము మన సాకు కాజాలదు.

కేంద్రప్రభుత్వము 2017లో గ్రామీణ కుటుంబమున కొక్కరికి చొప్పున ఆరు కోట్ల మందికి ఈ విద్య నేర్పు పథకము నారంభించి, 2024 మార్చి నాటికి ఆ సంఖ్యను దాటించినది. అది గొప్ప ప్రయత్నమే. కాని ఇంటికొక దీపమిచ్చినంత మాత్రమున వంటయింటిలో వెలుగుండునని నమ్మరాదు. ఇంటిలో నేర్చినవాడు తక్కినవారికి పని చేసిపెట్టునే కాని, సామాన్యముగా పని నేర్పడు. మనుమడు క్షణములో చేసి ఫోను తిరిగి యిచ్చును. అవ్వకు పని జరిగినది, విద్య రాలేదు. పైగా రహస్యసంఖ్య మనుమని వశమైనది. సహాయమునకును విద్యకును గల భేదమిదే. సహాయము చేసిన కొలది అవసరము పెరుగును. విద్య నేర్పిన కొలది గురువుతో పని తగ్గును.

కొందరు బుద్ధిమంతులు ఒక ఆక్షేపణ చేయుదురు. “ఏమియు తెలియనివానికి ఫోను నేర్పి మోసగాండ్ర నోట వేయుట యేల? తెలియకుండుటయే క్షేమము కదా” యని. నూతికి పోవు దారి నేర్పిన జారిపడునని దప్పికతో నుంచుట యెట్టి క్షేమము? ఫోను లేకున్నను అతని ఖాతా యంత్రములోనే యున్నది, అతని ముద్ర యంత్రములోనే పడుచున్నది. ప్రమాదము నుండి తప్పించుకొనలేదు. దాని నెరుగు శక్తినే పోగొట్టుకొనినాడు.

అట్లయిన తొలిపాఠమేది? నెల్లూరు సీమ చరిత్ర దీనికి సమాధానము చెప్పును. 1990 తరువాత అక్కడ అక్షరాస్యతోద్యమము సాగినప్పుడు, వాచకమున త్రాగుడు చేత చెడిన కుటుంబము కథ యొకటి యుండెను. దూబగుంట స్త్రీలు దానిని చదివి, ఇది మా కథయే యని లేచి, సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు జిల్లాలు దాటినది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. చదువరి తన బాధను అక్షరములలో గుర్తుపట్టిన నాడు చదువు బలమగును. యంత్రభాగముల పేర్లు వల్లె వేయించు పాఠము అట్టి బలము నీయదు.

కావున తొలిపాఠము – నీ ఖాతాలో ఎంతయున్నదో నీవే చదువుము. రెండవది – ఓటీపీయు, పిన్నును కన్నకొడుకు కయినను చెప్పకుము. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను అక్కరలేదు. మూడవది – ముద్ర వేసిన ప్రతిసారి చీటీ యడుగుము; అవసరము లేనప్పుడు ఆధారు ముద్రకు తాళము వేసికొను వీలున్నది, వేసికొనుము. నాలుగవది – మోసము జరిగిన తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయుము. ఉప్పు సత్యాగ్రహ సంవత్సరము జ్ఞప్తియున్నవారికి ఆ సంఖ్య మరపురాదు. వీని తరువాతనే బిల్లులు, టిక్కెట్లు, విదేశమున నున్న బిడ్డ ముఖము చూచి మాటలాడుట.

ఈ మందిరము చేయదగిన పని కొండంత కాదు. వారమునకు రెండు సాయంకాలములు ఈ బల్లలను ఖాళీ చేయుడు. స్త్రీలకు వారికి వీలగు వేళను వేరుగా నుంచుడు. కళాశాల విద్యార్థి యొక్కడు ముగ్గురిని మించి చేపట్టకుండునట్లు చూడుడు. నేర్చువాని ఫోను నేర్చువాని చేతిలోనే యుండవలెను. గురువు దానిని ముట్టరాదు. ఇదియొక్కటియే ముఖ్యనియమము. భాష తెలుగు కావలెను. నేడు నేర్చినది రేపు మరతురు. మరల చెప్పుటకు విసుగు పడనివాడే గురువు. రాలేనివారి గడపకు మనము పోవుదము. పడవను నడిపినవారికి వీధి దాటుట భారము కాదు.

ఇంకొక మాట. ఎంత నేర్పినను చూపు లేనివారు, చేయి వణకువారు, ఫోను కొనలేనివారు కొందరు మిగులుదురు. వారికొరకు కాగితమును, మనిషి కూర్చున్న కిటికీని ఉంచుమని కోరుట మన హక్కు. డిజిటల్ సేవలను అందుకొను హక్కు జీవించు హక్కులో అంతర్భాగమని 2025 ఏప్రిల్ 30న సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. విద్య రానివాడు దోషి యన్నట్లు తలుపు మూయు అధికారము ఏ కార్యాలయమునకును లేదు.

పరులచేతి వ్రాతపై బ్రదుకుట పారతంత్ర్యమని మనవారు ఎరిగి అక్షరము నేర్చిరి, నేర్పిరి. పరులచేతి వ్రేలిపై బ్రదుకుటయు అట్టిదియే. తన సొమ్ము లెక్క తాను చదువుకొనగల కూలిస్త్రీ ఈ వీధిలో నొక్కతె హెచ్చినను, ఆ దినము మన మందిరము తన పేరు నిలుపుకొన్నట్లే. వచ్చు వారమే బల్లలు సర్దుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.